మా ఊళ్ళో కరెంటు పోదు

మా అత్త తన జీవితంలో ఏనాడూ పరాయి మనిషి ముందు "మాకు ఇబ్బందిగా ఉంది" అనలేదు. అది ఆవిడ గొప్పతనమని బంధువులంతా అంటారు. ఏడాదికోసారి వచ్చి కుశలం అడిగి వెళ్ళిపోయేవాళ్ళు ఏమైనా అంటారు. నేను చదువు అయిన దగ్గర్నుంచి ఆవిడ వర్క్‌షాపులోనే పనిచేశాను, కాబట్టి చెబుతున్నాను. అది గొప్పతనం కాదు, జబ్బు.

మామయ్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆయనేరీ అని ఎవరడిగినా "పని మీద ఊరెళ్ళారు" అనేది. చివరికి ఆయన పోయారన్న కబురు మా వీధిలో చాలామంది నమ్మలేదు. ఎలా నమ్ముతారు, ముందురోజు సాయంత్రమే కూరగాయలావిడతో "రేపో ఎల్లుండో వచ్చేస్తారు" అని చెప్పి వచ్చిందాయె. ఇంకోసారి జోరువానలో మా నాన్న స్నేహితుడొకాయన ఇంటికొచ్చి కూర్చున్నాడు. కప్పు కారి సరిగ్గా ఆయన బట్టతల మీద చుక్క పడింది. అత్త తడుముకోకుండా "పైన ట్యాంకు కడుగుతున్నారండీ" అంది. బయట కుండపోత. ఆయన పెద్దమనిషి, తల తుడుచుకుని "అలాగా" అన్నాడు.

మామయ్య తర్వాత వర్క్‌షాపు ఆవిడ చేతికొచ్చింది. మేము చేసేది స్ప్రింగులు. తాళాల్లో, స్విచ్చుల్లో, తలుపు గడియల్లో ఎక్కడో లోపల దాక్కుని ఉండే చిన్న ఉక్కు ముక్కలు. పనిచేసినంత కాలం అవి ఉన్నాయని కూడా ఎవరికీ గుర్తుండదు. మాది రేకుల షెడ్డు. ముందు గదిలో ఉక్కు పట్టీని కోసి వంచే యంత్రాలు, వెనక గదిలో రెండు ఓవెన్లు. వంచిన పట్టీని మొదటి ఓవెన్‌లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతాం. అప్పుడది గట్టిపడుతుంది గానీ గాజు ముక్కలా పెళుసుగా ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. అందుకని వెంటనే రెండో ఓవెన్‌లో పెట్టి తక్కువ వేడి మీద నిదానంగా ఉంచాలి. వంగి మళ్ళీ లేచే గుణం దానికి అక్కడే వస్తుంది.

మధ్యలో వేడి తెగిందంటే సరుకు పోయినట్టే. మళ్ళీ వేడి పెట్టుకోవచ్చు కదా అని తెలివైనవాళ్ళు అడుగుతారు. పెట్టుకోవచ్చు. కానీ ఈలోగా లోపల సన్న బీట పడి ఉంటే మన కంటికి కనపడదు, కొన్నవాడి ఇంట్లో కనపడుతుంది. అలాంటి సరుకు అత్త ఒక్కటి కూడా గడప దాటనిచ్చేది కాదు. ఇంటి సంగతుల్లో నోరు తెరిస్తే అబద్ధం, స్ప్రింగు సంగతిలో చచ్చినా అబద్ధం ఆడదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వేడి ఎప్పుడు తెగుతుంది? కరెంటు పోయినప్పుడు. కరెంటు ఎప్పుడు పోతుంది? ఊరికి విదేశీ పెట్టుబడిదారులు వచ్చినప్పుడు.

వినడానికి వేళాకోళంలా ఉంటుంది. అనుభవించేవాళ్ళకు తెలుస్తుంది. ఊరి బయట ప్రభుత్వం ఒక పారిశ్రామికవాడ కట్టించింది. వెడల్పాటి రోడ్లు, ఇరువైపులా దీపస్తంభాలు, గేటు దగ్గర ఫౌంటెను. లేనివల్లా ఫ్యాక్టరీలే. అవి రావాలనే ఈ హంగంతా. మా సబ్‌స్టేషన్‌కు వచ్చే కరెంటు ఊరికీ వాడకూ కలిపి చాలదు. అందుకని విదేశాల నుంచి ఎవరైనా స్థలం చూడటానికి వస్తున్నారంటే ఊరికి ఆపేసి వాడకు తిప్పేవారు. పట్టపగలు దీపాలు వెలిగేవి, ఫౌంటెను ఎగిరేది. ఊళ్ళో ఫ్యాను ఆగిందంటే "ఎవరో దిగారు, ఏ దేశం వాళ్ళో పాపం" అనుకుంటూ విసనకర్ర అందుకోవడం మావాళ్ళకు అలవాటైపోయింది.

నాకు మాత్రం అలవాటు కాలేదు. ఒళ్ళు మండేది. రాబోయే ఫ్యాక్టరీకి కరెంటు కావాలి, కాదనను. ఉన్న వర్క్‌షాపుకు అక్కర్లేదా? జనరేటరు పెట్టుకోమనేవారు. మా దగ్గరున్న జనరేటరు దీపాలకూ ఫ్యాన్లకూ సరిపోతుంది. ఓవెన్లు లాగేంత జనరేటరు కొనాలంటే వర్క్‌షాపు అమ్మాలి. అమ్మాక జనరేటరు దేనికి?

ఈ తతంగానికంతా పెద్ద మా పెట్టుబడుల ఆఫీసరు. ఎప్పుడు ఏ ప్రారంభోత్సవం తగులుతుందోనని కారు డిక్కీలో ఒక కత్తెర, రిబ్బను చుట్ట సిద్ధంగా పెట్టుకుని తిరిగేవాడు. అందుకని ఊరంతా ఆయన్ని రిబ్బన్ సారు అనేది. మనిషి చెడ్డవాడేం కాదు. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడు. కానీ ఆయన కళ్ళు ఎప్పుడూ విమానాశ్రయం వైపే ఉండేవి.

ఒకసారి చిన్న వర్క్‌షాపుల వాళ్ళందర్నీ పిలిచి మీటింగు పెట్టాడు. విదేశీ కంపెనీలు మన దగ్గరికి ఎందుకొస్తాయో తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. కూలి తక్కువ, స్థలం చవక, రేవు దగ్గర, కొనే జనం కోట్లలో, వచ్చినవాళ్ళకు పదేళ్ళపాటు పన్ను లేదు. ఆ "కూలి తక్కువ" అన్న బొమ్మలో నవ్వుతూ నిలబడింది మా ఓవెన్ మేస్త్రీయే. ఫొటో ఎప్పుడు తీశారో అతనికీ తెలియదు. నేను ఊరుకోలేక లేచాను. పోయినసారి ఐదేళ్ళన్నారు, అంతకుముందు ఏడేళ్ళన్నారు, రేపు ఎన్నంటారో మీకే తెలియదు, ఏడాదికో ఇల్లు మారేవాడికి ఎవరైనా అప్పిస్తారా అని అడిగాను. పైగా వచ్చేవాళ్ళకు లేని పన్ను మామీద ఎందుకు పెరుగుతోందన్నాను. విధానం మెరుగుపడుతోంది అన్నాడు రిబ్బన్ సారు. అత్త నా చొక్కా పట్టుకుని కిందకు లాగి కూర్చోబెట్టింది. "అందరి ముందూ ఆ మాటలేమిటిరా" అని చెవిలో అంది.

అప్పటికే మా పరిస్థితి అంతంత మాత్రంగా ఉంది. సరుకు పాడైన ప్రతిసారీ ఇచ్చిన మాట తప్పేవాళ్ళం. మాట తప్పిన ప్రతిసారీ ఒక పాత కొనుగోలుదారు జారుకునేవాడు. పెద్ద ఆర్డరు ఒకటి తగలకపోతే ఓవెన్లు పాత ఇనుము కింద అమ్ముకుని ఇంటికి పోవాల్సిందేనని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుండేవాణ్ణి. పనివాళ్ళు కూడా పైకి అనకపోయినా వేరేచోట పని వాకబు చేసుకుంటున్నారు. వీధిలో ఎవరైనా అడిగితే అత్త మాత్రం "చేతినిండా పని" అనేది.

సరిగ్గా అప్పుడు తాళాల కంపెనీ వాళ్ళు వస్తున్నారని తెలిసింది.

తాళమంటేనే స్ప్రింగు. రిబ్బన్ సారు ఆఫీసులోని గుమాస్తా చెప్పినదాన్ని బట్టి వాళ్ళు రెండు దేశాల్లో రెండు ఊళ్ళు చూసి ఒకటి ఎంచుకుంటారు. కూలి, స్థలం, రేవు అన్నీ ముందే కాగితాల మీద చూసుకున్నారట. వాళ్ళ ఇంజనీరమ్మ మాత్రం ఇంకోటి అడిగింది: చిన్న విడిభాగాలు చేసే వర్క్‌షాపులు ఊళ్ళో ఉన్నాయా, ఉంటే ఒకటి చూడాలి. అన్నీ ఓడలో తెప్పించుకునేట్లయితే అంత దూరం వచ్చి ఫ్యాక్టరీ పెట్టడం దేనికని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. రిబ్బన్ సారు మా పేరిచ్చాడు. కార్యక్రమంలో మాత్రం మమ్మల్ని ఫౌంటెను తర్వాత, "టీ" అని రాసినచోట ఇరికించాడు.

అత్త హడావుడి చూడాలి. షెడ్డుకు సున్నం వేయించింది. పక్క దుకాణం దర్జీ దగ్గర మంచి కుర్చీలు అరువు తెచ్చింది. తాళంలో వాడే రకం స్ప్రింగుల్ని ఆ పొద్దున్నే కాల్చి ముంచి రెండో ఓవెన్‌లో పెట్టాలని, ఇంజనీరమ్మ వచ్చేసరికి ఆవిడ కళ్ళముందే తీసి చేతిలో పెట్టాలని పట్టుబట్టింది. ముందురోజే చేసి పెట్టుకుందామంటే వినలేదు. "వండి ఉంచింది పెడతామా ఎవరికైనా" అంది. నేను రిబ్బన్ సారు దగ్గరికి వెళ్ళి, ఓవెన్‌లో సరుకుంటుంది, ఆ ఒక్కరోజుకూ ఊరి కరెంటు జోలికి పోకండి అని చేతులు పట్టుకుని చెప్పి వచ్చాను. నేను చూసుకుంటానన్నాడు.

ఆ పొద్దున సరుకు రెండో ఓవెన్‌లోకి వెళ్ళింది. మేస్త్రీ తలుపు బిగించాడు. కాసేపటికి పైన ఫ్యాను నెమ్మదించింది. నేను దానివైపే చూస్తూ నిలబడ్డాను. రెక్కలు లెక్కపెట్టేటంత నిదానమై ఆగిపోయింది. అత్త నావైపు చూడలేదు. కుర్చీ మీద లేని దుమ్ము తుడుస్తోంది.

స్కూటరు మీద సబ్‌స్టేషన్‌కు పరిగెత్తాను. అక్కడి ఆపరేటరు తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. ఏమిటయ్యా ఇదంటే, "గెస్టులు ఎక్కడుంటే అక్కడ కరెంటుండాలని సారు ఆర్డరు. ఇప్పుడు గెస్టులు వాడలో ఉన్నారు. మీ దగ్గరికి బయల్దేరగానే ఫోనొస్తుంది, ఇటు తిప్పుతా" అన్నాడు. రిబ్బన్ సారు నిజంగానే చూసుకున్నాడన్నమాట! వాళ్ళు మా గడపలో అడుగుపెట్టేసరికి కరెంటు ఉండేలా చూసుకున్నాడు. అది వాళ్ళు రావడానికి ముందు నుంచీ ఉండాలని, ఓవెన్ అంటే స్విచ్చి వేయగానే వెలిగే బల్బు కాదని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. ఆపరేటర్ని బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. చివరికి ఫోను మోగింది. అతను పేపరు మడిచి, లేచి, ఊరికి తిప్పాడు. దారిలో స్కూటరు మొరాయించింది. నేను వర్క్‌షాపు చేరేసరికి వాళ్ళ కార్లు వెళ్ళిపోతూ మలుపు తిరుగుతున్నాయి.

లోపల జరిగింది మేస్త్రీ చెప్పాడు. వాళ్ళు వచ్చేసరికి ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయట, దీపాలన్నీ వెలుగుతున్నాయట. రిబ్బన్ సారు ముఖం వాటికంటే వెలిగిపోతోందట. ఇంజనీరమ్మ యంత్రాలన్నీ చూసి, పాత ఆర్డర్ల స్ప్రింగులు చేతిలోకి తీసుకుని వంచి, బాగున్నాయని దుబాసీ ద్వారా చెప్పించింది. తర్వాత ఓవెన్ లోంచి తీసిన తట్ట వైపు చేయి చాపింది. చూడటానికి ఏ తేడా లేని సరుకది. నిగనిగలాడుతోంది. ఇచ్చి పంపితే సరిపోయేది. అత్త తట్టను వెనక్కి లాగింది.

"ఇవి ఇవ్వనండీ. ఇవి పనికిరావు."

ఎందుకు అని దుబాసీ అడిగాడు. అత్త రిబ్బన్ సారు వైపు చూసిందట. ఆయన పైకి, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడట. మేస్త్రీ నోరు తెరవబోతే అత్త కంటితోనే ఆపింది.

"నాదే పొరపాటు. సరుకు లోపలుండగా ఓవెన్ స్విచ్చి కట్టేశాను. మరిచిపోయాను."

నమ్మరేమోనని ఒక స్ప్రింగు తీసి పట్టుకారులో పెట్టి వంచి చూపించింది కూడా. పుటుక్కుమంది. ఇంజనీరమ్మ ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూసి, టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఇద్దరికీ పెద్ద యుద్ధం. ఓవెన్ ముందు పుట్టి పెరిగినట్టుండే మనిషివి, సరుకుందని మరిచిపోయి కట్టేశానంటావా, సిగ్గులేదా అని నోటికొచ్చినట్టు అరిచాను. అత్త చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఊరికొచ్చిన మనిషి ముందు ఊరి పరువు తీయమంటావా అంది. కరెంటు లేదని తెలిస్తే వాళ్ళు రెండో ఊరికి పోతారు, ఇక్కడ ఎంతమంది పిల్లలు ఉద్యోగాల కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారో తెలుసా అంది. మరి మన పరువో అన్నాను. మనది మన చేతిలో ఉంటుంది, రేపు మంచి సరుకు పంపి నిలబెట్టుకుంటాం అంది. వాదిస్తే నాకే సందేహం వచ్చేలా మాట్లాడటం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. అప్పటికప్పుడు గెస్ట్‌హౌస్‌కు వెళ్ళి ఇంజనీరమ్మకు ఉన్నమాట చెబుతానంటే తలుపుకు అడ్డం నిలబడి నా దగ్గర వెళ్ళనని మాట తీసుకుంది. రిబ్బన్ సారు దగ్గర మాత్రం మొత్తుకున్నాను. ఒడిలోకొచ్చిన కంపెనీని తన్ని పంపేస్తావా అని ఆయన నన్నే గద్దించాడు.

కంపెనీ మా ఊరినే ఎంచుకుంది. ఆ కబురు వచ్చినరోజు అత్త నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "చూశావా" అని అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చూసింది. నేనూ లోలోపల సంతోషించాను, అబద్ధమెందుకు. ఫ్యాక్టరీ గోడలు లేస్తున్నంత కాలం మేము వాళ్ళకు నమూనాగా స్ప్రింగులు పంపుతూనే ఉన్నాం. తిరుగులేని సరుకు. పరిశీలనలో ఉంది అని జవాబొచ్చేది. ఆ ఒక్క ఆశతో పాత యంత్రాలకు మరమ్మతు చేయించాం, పనివాళ్ళను ఆపుకున్నాం. ఈలోగా వాడకు ప్రత్యేకంగా లైను వేశారు. అది ఎప్పటికీ ఆగదు. ఆగేది ఊరిది, ఇప్పుడు గెస్టులు రాకపోయినా ఆగుతోంది.

ప్రారంభోత్సవానికి మమ్మల్నీ పిలిచారు. మోకాళ్ళ నొప్పి అని అత్త రాలేదు. నిజంగా నొప్పే కాబట్టి ఎవరికీ చెప్పొద్దంది. రిబ్బన్ సారు రిబ్బను కత్తిరించాడు. వచ్చిన అందరికీ ఆ ఫ్యాక్టరీలో తయారైన తాళం ఒకటి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. నేను దుబాసీని వెంటబెట్టుకుని ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈ తాళాల్లో స్ప్రింగులు ఎక్కడివని అడిగాను. ఓడలో వస్తున్నాయంది. మావి బాగాలేవా అన్నాను.

ఆవిడ మొహమాటపడింది. తర్వాత ఉన్నమాట చెప్పింది. స్ప్రింగులు చాలా బాగున్నాయి, దగ్గర్లో కొనుక్కోవాలనే అనుకున్నాం, ఓడలో తేవడం మాకూ నష్టమే అంది. ఏ దేశంలో ఫ్యాక్టరీ పెట్టినా మొదట్లో కరెంటు సరిగా ఉండదని తమకు తెలుసంది. అందుకే సొంత జనరేటర్లు లెక్కలో వేసుకుని వచ్చారట. మాకు సరుకిచ్చే వర్క్‌షాపుకు ఆ కష్టం ఉంటే మా ఆవరణలోనే చోటిచ్చి మా కరెంటే ఇచ్చేవాళ్ళం, అది మా పథకంలోనే ఉంది అంది. తర్వాత దుబాసీ కాస్త ఆగి, తల దించుకుని మిగతాది చెప్పాడు.

"కానీ మీ ఊళ్ళో ఆ కష్టం లేదని చూశాం. సరుకు లోపలుండగా యజమానే మరిచిపోయి ఓవెన్ కట్టేస్తే, దానికి మేమేం చేయగలమండీ."

ఇంటికొచ్చి అత్తకు మొత్తం చెప్పాను. మెల్లగా చెప్పలేదు, అరుస్తూ చెప్పాను. అంత కోపం నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కుర్చీలో కూర్చుని విన్నది. చివర్లో, నీకు ఆకలేస్తోందేమో, వడ్డించనా అంది.

ఇక వర్క్‌షాపును లాగి ప్రయోజనం లేకపోయింది. పనివాళ్ళలో వయసున్నవాళ్ళను తాళాల ఫ్యాక్టరీ తీసుకుంది. మేస్త్రీకి వయసు దాటిందన్నారు. "కూలి తక్కువ" బొమ్మలో మాత్రం ఇప్పటికీ అతనే నవ్వుతున్నాడు. ఓవెన్లు పాత ఇనుము కొనేవాడు లారీలో తీసుకుపోయాడు. అత్త ఖాళీ షెడ్డంతా ఊడ్చింది. షట్టరు దించాం. నా దగ్గర వేరే తాళం లేక ఆ అట్టపెట్టె తెరిచి కంపెనీ తాళమే వేశాను. అత్త తాళాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు తీసి వేసి చూసింది. లోపల స్ప్రింగు టక్కున లేచి పడింది. బాగుంది అంది.

పక్క దుకాణం దర్జీ బయటికొచ్చి, మూసేస్తున్నారా అమ్మా అని అడిగాడు.

"లేదు నాయనా, మిషన్లు రిపేరుకు పంపాం. కొన్నాళ్ళలో మళ్ళీ తెరుస్తాం."

ఓవెన్లను లారీ ఎక్కించడానికి ఆ పొద్దున చేయి వేసినవాడు ఆ దర్జీయే. అతనూ పెద్దమనిషే, "అలాగా అమ్మా" అన్నాడు. నేను తల పట్టుకున్నాను.

ఇద్దరం ఇంటివైపు నడిచాం. మోకాళ్ళ వల్ల అత్త నెమ్మదిగా నడుస్తోంది. వీధి మలుపులో ఒక గోడ పట్టుకుని ఆగింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు.

"ఒరేయ్, ఆ రోజు కరెంటు పోయిందిరా" అంది. నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది. "సరుకు లోపలుండగా పోయింది. నేను కట్టలేదురా. నేనెందుకు కడతాను."

"నాకు తెలుసత్తా" అన్నాను.

అత్త తలూపి, గోడ వదిలి, మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. ఆవిడ నోట ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. నేను పరాయివాణ్ణి కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు.